రెండో క్లిప్పు

హాల్వర్సన్‌కు గడియారమంటే ప్రాణం. దాన్ని మోసం చెయ్యడమంటే అంతకంటే ప్రాణం. ఈ సంగతి మిల్వాకీ ఊరు మొత్తంలో ఒక్క మనిషికే పూర్తిగా తెలుసు. ఆ మనిషి ఆపరేషన్లలో ఆయన సహాయకురాలు వెర్నా కూబియాక్. నాలుగేళ్ళుగా తెలిసీ నోరు మూసుకుని ఉన్నదీ ఆవిడే. కాబట్టి ఇందులో ఎవరినీ నెత్తికెత్తుకోవలసిన పని లేదు.

మూత్రపిండంలో కణితి పుడితే, మూత్రపిండం మొత్తాన్ని తీసిపారెయ్యకుండా కణితి మేరకే చెక్కి తియ్యడం డాక్టర్ లైల్ హాల్వర్సన్ విద్య. చెక్కేముందు లోపలికి రక్తం తెచ్చే ధమనిని బిగించాలి. లేకపోతే రక్తపు మడుగు తప్ప ఏమీ కనపడదు. బిగించడానికి చిటికెన వేలంత ఉక్కు క్లిప్పు ఒకటుంటుంది. అది జారితే కొంప మునుగుతుంది గనక ఒకే ధమని మీద, ఒకదాని పక్కన ఒకటి, రెండు పెడతారు. పెట్టగానే నర్సు గడియారం నొక్కుతుంది. అక్కడి నుంచి మూత్రపిండానికి ఊపిరాడనట్టే లెక్క. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆపైన ప్రతి నిమిషమూ దానికి గండమే.

ఆ నిమిషాల అంకె మీదే ఈ సర్జన్ల పరువంతా. వాళ్ళు కాఫీ తాగే గదిలో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించుకుని, ఎవరు ఎన్ని నిమిషాల్లో ముగించారో వారం వారం రాసుకునేవారు. చదివింది ఆకాశమంత, బుద్ధులు చూస్తే గోళీలాడే పిల్లలవి. ఆ కాగితం మీద హాల్వర్సన్ పేరు ఎప్పుడూ పైనే ఉండేది.

ఎందుకుండదు? ఆయన కిటుకు ఆయనకుంది. లోపలి కుట్లు అవగానే "ఒకటి తియ్యి, గడియారం ఆపు" అనేవాడు. వెర్నా ఒక క్లిప్పు తీసేది. నర్సు గడియారం ఆపేది. రెండో క్లిప్పు ధమనిని పట్టుకునే ఉండేది. రక్తం చుక్క కదిలేది కాదు. ఆ పొడి పొడి మూత్రపిండం మీద పైకుట్లు తీరిగ్గా, అందంగా వేసుకుని, అప్పుడు "ఆ, రెండోది" అనేవాడు. ఆ మధ్య నిమిషాలు ఏ కాగితం మీదా ఉండేవి కావు.

మొదట్లో రెండు నిమిషాలు. తరవాత అయిదు. ఈ మధ్య పదీ పన్నెండూ. ఆపరేషన్ చేసేది రోబోతో. దానికి నాలుగు చేతులున్నా ఆ క్లిప్పులు పెట్టడం, తియ్యడం మాత్రం వెర్నా పని. ఆయన గది మూల ఒక పెట్టెలో తల దూర్చి, బూట్లు విప్పేసి, సాక్సు కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ రోబోను ఆడిస్తాడు. ఆవిడ రోగి పక్కన, ఆ ఇనుప చేతుల మధ్య నిలబడి, పొట్టకు పెట్టిన చిన్న రంధ్రంలోంచి పొడుగు పట్టకారు లోపలికి పంపి అడిగింది అందిస్తుంది. మధ్య మధ్య ఒక ఇనుప మోచెయ్యి వచ్చి ఆవిడ భుజాన్ని గుద్దుతుంది. అయ్యో అనే నాథుడుండడు. పెట్టెలో తల పెట్టుకున్నవాడికి బయట మనుషులున్నారన్న ధ్యాస ఉండదు.

ఒకటి దెబ్బ తిన్నా రెండో మూత్రపిండం లాక్కొస్తుందిలే అని వెర్నా తనకు తాను చెప్పుకునేది. రోగులు లేచి తిరుగుతున్నారు, రక్తపరీక్షలు బాగానే వస్తున్నాయి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఈ సామెతతో ఆవిడ నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది. వెండెల్ ష్రాంక్ వచ్చిన రోజున ఆ సామెత పని చెయ్యలేదు.

ష్రాంక్ ముప్ఫై ఎనిమిదేళ్ళు పెద్ద సరస్సుల్లో తిరిగే సరుకు ఓడల్లో ఇంజన్లు బాగు చేసిన మనిషి. నోరు కూడా ఇంజన్ గది నోరే. ఉదయం ఆపరేషన్‌కు ముందు వెర్నా పలకరించడానికి వెళ్ళేసరికి మంచం మీద కాగితపు గౌనులో గుర్రుగా కూర్చుని ఉన్నాడు.

"ఆ మరమనిషివి నువ్వేనా?"

"మరమనిషికి ఇన్ని ముడతలుండవు లెండి. మీ పక్కన నిలబడేదాన్ని. పేరు వెర్నా."

"మరి డాక్టరెక్కడ నిలబడతాడు?"

"ఆయన నిలబడరు. గది మూల కూర్చుంటారు."

"మూలనా! పొట్ట ఇక్కడ, డాక్టరక్కడా? మా ఇంట్లో హీటర్ బాగుచెయ్యడానికొచ్చినవాడు పక్క వీధిలో కూర్చుని చేస్తానంటే నేను కర్ర తీసుకుని తరిమేవాణ్ణి."

"వెండెల్, ఆ నోరు కాస్త కట్టిపెట్టు," అంది ఆయన భార్య ఆర్డిస్. "ఇంకో గంటలో ఆవిడ చేతికిందే ఉంటావు."

ఆయన కట్టిపెట్టలేదు గానీ గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఎడమది ఇరవై ఏళ్ళ క్రితం మా చెల్లెలికిచ్చేశాను. ఇప్పుడున్నది ఇదొక్కటే. ఇది పోయిందంటే వారానికి మూడు రోజులు రక్తం కడిగే మిషన్‌కి కట్టేస్తారు. నేను కిడ్నీ ఇవ్వకముందు మా లొరెయిన్ అయిదేళ్ళు పడింది ఆ పాట్లు. నేను పడను. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద కన్నం చేసి చేపలు పట్టడానికెళ్ళి ఆ కన్నంలోనే దూకుతాను. ఇది ఉత్త మాట కాదు. మా ఆర్డిస్‌కి తెలుసు."

ఆర్డిస్ కిటికీ వైపు చూసింది. అది ఉత్త మాట కాదని వెర్నాకు అప్పుడే అర్థమైంది.

చేతులు కడిగే తొట్టి దగ్గర హాల్వర్సన్‌ను పట్టుకుంది.

"డాక్టర్, ఒక్క మాట."

"నీ ఒక్క మాట ఎప్పుడూ ఒక్కటితో ఆగదే."

"ఈయనకున్నది ఒక్కటే. ఇవాళ రెండు క్లిప్పులూ కలిపి తీసేద్దాం. లోపలి కుట్లు అవగానే. పైకుట్లు రక్తం వస్తుండగా వేసుకోవచ్చు. మీకు చేతకాని పనేం కాదు కదా."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆయన నీళ్ళు ఆపేశాడు. "నాకేం చేతనవునో నువ్వు చెప్తావా? మెడికల్ కాలేజీకి ఎప్పుడెళ్ళొచ్చావ్, నాకు చెప్పనేలేదు?"

"పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల పక్కన నిలబడ్డాను."

"నిలబడ్డావు. అంతే. కోట్లు తగిలించుకునే కొయ్య కూడా నిలబడుతుంది." తడి చేతులు పైకెత్తి పట్టుకుని దగ్గరకొచ్చాడు. "వచ్చే గురువారం షికాగోలో మూడొందల మంది ముందు మాట్లాడుతున్నాను. వంద ఆపరేషన్లు, ఒక్కటీ ఇరవై నిమిషాలు దాటలేదు. ఇదీ అందులోదే. నేను చెప్పినప్పుడు తీస్తావు. ఇష్టం లేదా, ఇప్పుడే చెప్పు, ఇంకొకర్ని పిలుస్తా."

ఇంకొకరొస్తే ఆ రెండో క్లిప్పు సంగతే తెలియదు. ఆయన పన్నెండు నిమిషాలు కాకపోతే ఇరవై నిమిషాలు వేసుకుంటాడు, అడిగే దిక్కుండదు. వెర్నా పళ్ళు బిగబట్టుకుని లోపలికి నడిచింది.

ష్రాంక్ నిద్రపోయాడు. పొట్టకు రంధ్రాలు పెట్టారు, రోబోను తెచ్చి ఆయన మీదికి వంచారు. హాల్వర్సన్ బూట్లు విప్పి పెట్టెలో తల పెట్టాడు. అక్కడి నుంచి ఆయన గొంతు స్పీకర్లోంచే. గంటన్నర గడిచాక ధమని దొరికింది. వెర్నా క్లిప్పులు రెండూ పెట్టింది.

"బిగించాం. మర్లీన్, గడియారం."

నర్సు మర్లీన్ నొక్కింది. గోడ మీద తెరలో అంతా కనపడుతూనే ఉంది. ఎర్రగా ఉన్న మూత్రపిండం చూస్తుండగానే పాలిపోయింది. కణితి స్కానులో కనపడినదానికంటే లోతుగా ఉంది. అయినా ఒక మాట చెప్పాలి, పగవాడిదైనా పనితనం పనితనమే. ఆ ఇనుప వేళ్ళతో హాల్వర్సన్ కణితిని చెక్కుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. పదమూడు నిమిషాల్లో కణితి బయటపడింది. మరో ఆరు నిమిషాల్లో లోపలి కుట్లు అయిపోయాయి.

"ఒకటి తియ్యి. మర్లీన్, గడియారం ఆపు."

వెర్నా ఒకటి తీసింది. "మర్లీన్, ఆపకు. రెండోది ఇంకా ఉంది."

మర్లీన్ వేలు అప్పటికే మీట మీద పడింది. పంతొమ్మిది దగ్గర గడియారం ఆగింది.

స్పీకర్లో హాల్వర్సన్ ఊపిరి వినిపించింది. "ఏమన్నావ్?"

"రెండోది కూడా తీస్తున్నా డాక్టర్." వెర్నా పట్టకారు మళ్ళీ లోపలికి పంపింది. అది తెర మీదికి వచ్చింది, ధమని వైపు సాగింది. అంతలో కుడి పక్క నుంచి రోబో చెయ్యి వచ్చి దానికి అడ్డం పడింది. ఇనుము ఇనుమును ఆనుకుని ఆగింది. మనిషి కడుపులో, ఇంత లావు సిర పక్కన, ఇద్దరు పంతానికి దిగారు. ఎంత సిగ్గుమాలిన పని!

"తోశావంటే సిర చిరుగుతుంది," అంది స్పీకరు. "తొయ్యి. తోసి చూడు. అప్పుడు ఈయన్ని చంపిందెవరో అందరికీ తెలుస్తుంది."

తొయ్యడానికి ఆవిడ చెయ్యి తహతహలాడింది, అబద్ధం చెప్పడమెందుకు. కానీ ఈ పంతంలో చిరిగేది హాల్వర్సన్ సిర కాదు, ష్రాంక్‌ది. పట్టకారు వెనక్కి లాక్కుంది. హాల్వర్సన్ పైకుట్లు మొదలుపెట్టాడు, తొందరేమీ లేనట్టు.

వెర్నా తలెత్తి గోడ గడియారం చూసింది. గొంతు సవరించుకుని గట్టిగా అంది: "ఇరవై ఒకటి."

"ఏంటది?"

"ఇరవై రెండు," అంది, నిమిషం తిరగగానే.

"నోర్ముయ్."

"ఇరవై మూడు."

"ఈవిణ్ణి బయటికి పంపండి! మర్లీన్! ఎవర్నైనా పిలువు!"

ఎవరు పంపుతారు? ఎలా పంపుతారు? ఆవిడ పోతే ఆ క్లిప్పు తీసే చెయ్యి గదిలో ఇంకొకటి లేదు. ఆయనే లేచి వచ్చి గెంటుదామంటే, తల పెట్టెలోంచి తీసిన మరుక్షణం రోబో కొయ్యబారిపోతుంది. కొట్టుకుంటున్న ఇద్దరూ ఒకే తాడుకు కట్టేసి ఉన్నారు, మధ్యలో ష్రాంక్ నిద్రపోతున్నాడు.

ఇరవై అయిదు అన్నాక రోగి తల దగ్గర కట్టిన గుడ్డ వెనక నుంచి మత్తు డాక్టరు ప్రూయిట్ లేచాడు. "ఏం లెక్క వెర్నా అది?"

"కిడ్నీకి రక్తం ఆగిపోయిన నిమిషాలు."

"క్లిప్పు తీశారుగా?"

"ఒకటి తీశాం. ఇంకోటుంది. ఆయన్నే అడగండి."

ప్రూయిట్ తెర వంక చూశాడు. మూత్రపిండం ఉడికిన చేపముక్క రంగులో ఉంది. వైద్యం చదవనివాడు కూడా చెప్పగలడు అందులో రక్తం లేదని. "లైల్? దానికి రక్తం వెళ్తోందా?"

"నాలుగు కుట్లున్నాయి."

"నేనడిగింది అది కాదు."

"నాలుగు కుట్లని చెప్తున్నానా!"

ప్రూయిట్ చూపు తన మిషన్ల మీదికి తిప్పుకున్నాడు. తరవాత, "మీ ఇద్దరి గొడవలోకి నన్ను లాగకండి," అని గొణిగి కూర్చున్నాడు. ఆ క్షణంలో వెర్నాకు హాల్వర్సన్ కంటే ప్రూయిట్ మీదే ఎక్కువ అసహ్యం వేసింది. ఆ వెంటనే, నాలుగేళ్ళుగా తను చేసింది కూడా అదే కదా అని తోచింది. అది ఇంకా మండింది.

"ఇరవై ఏడు," అని అరిచింది. "ఇరవై ఎనిమిది."

హాల్వర్సన్ సూది జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ఆ ఇనుప వేళ్ళు వణకవు, వణుకును వడగట్టేలా తయారు చేస్తారు వాటిని. కానీ మనిషి తెలివి వణికితే దాన్ని వడగట్టే మిషన్ ఇంకా రాలేదు.

"నీ ఉద్యోగం ఊడగొడతా. ఈ రాష్ట్రంలో కుక్కల ఆసుపత్రిలో కూడా నీకు పని దొరక్కుండా చేస్తా."

"ముప్ఫై."

"వెర్నా!"

"ముప్ఫై ఒకటి, డాక్టర్."

"తియ్యి! తీసి చావు!"

ఆవిడ మాట పూర్తి కానివ్వలేదు. పట్టకారు వెళ్ళింది, రెండో క్లిప్పును పట్టింది, బయటికొచ్చింది. మూత్రపిండం మచ్చలు మచ్చలుగా రంగు మారి, మెల్లగా గులాబీ రంగుకొచ్చింది. చెక్కిన అంచు నుంచి రక్తం ఊరింది. మిగిలిన రెండు కుట్లు ఆ రక్తంలోనే వేశాడు హాల్వర్సన్. నిమిషన్నర పట్టింది. ఏమీ కాలేదు. అంత సులువైన పని కోసం ఇంత రాద్ధాంతం.

ఆపరేషన్ ముగిశాక పెట్టెలోంచి తల తీశాడు. నుదుటి మీద ఎర్రటి అచ్చు పడి ఉంది. బూట్లు కూడా వేసుకోకుండా సాక్సులతోనే బల్ల దాకా వచ్చాడు. మర్లీన్ అడిగింది, "ఎన్ని నిమిషాలని రాయమంటారు?"

"గడియారం ఎంత చూపిస్తోంది?"

"పంతొమ్మిది."

"మరి అడుగుతావేం?"

"ముప్ఫై ఒకటి," అంది వెర్నా.

మర్లీన్ ఇద్దరినీ చూసింది. "నన్నిరికించకు వెర్నా," అని కంప్యూటర్లో పంతొమ్మిది కొట్టింది.

మధ్యాహ్నానికల్లా వెర్నా బ్యాడ్జీకి తలుపులు తెరుచుకోవడం మానేశాయి. రోగి కడుపులో సర్జన్‌తో పోట్లాడి, ప్రాణాపాయం తెచ్చిపెట్టిందని ఫిర్యాదు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే. పంతొమ్మిదేళ్ళ సామానంతా ఒక సంచీలో పట్టింది. కాపలా మనిషి కారు దాకా తోడొచ్చి, ఆవిడ కారెక్కేదాకా నిలబడ్డాడు.

రెండో రోజు ఉదయం మర్లీన్ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, గబగబా చెప్పింది. "నేను చెప్పానని ఎవరితో అనకు. ష్రాంక్‌కి మూత్రం సరిగా రావట్లేదు. కిడ్నీ డాక్టరు తల పట్టుకుంది. పంతొమ్మిది నిమిషాలకు ఇలా అవ్వకూడదే, ధమనిలో గడ్డకట్టిందేమో అంటోంది. రెండు గంటలకి రక్తనాళాలు కనపడేలా రంగు మందు ఎక్కించి స్కాన్ చేస్తారట."

"ఆ మందు ఎక్కిస్తే ఉన్న కాస్తా పోతుంది!"

"అందుకే చేశాను ఫోన్," అని పెట్టేసింది. ఏడుస్తున్నట్టుంది. ఏడవనీ అనుకుంది వెర్నా.

ఎన్నో ఏళ్ళు వెనక తలుపు నుంచి వెళ్ళిన ఆసుపత్రికి ముందు తలుపు నుంచి, ఛాతీ మీద సందర్శకుల కాగితం అంటించుకుని వెళ్ళింది. ఆరో అంతస్తు గదిలో ష్రాంక్, ఆర్డిస్, కిడ్నీ డాక్టరు ఓల్మోస్ అనే ఒక పొట్టి ఆవిడ ఉన్నారు. హాల్వర్సన్ కూడా ఉన్నాడు. రోగి భుజం తడుతూ, ఆపరేషన్ దివ్యంగా జరిగిందని చెబుతున్నాడు.

"ఈవిడ లోపలికెలా వచ్చింది?"

వెర్నా ఆయన వంక చూడనే లేదు. "డాక్టర్ ఓల్మోస్, పంతొమ్మిది నిమిషాలన్నది అబద్ధం. రక్తం ఆగింది ముప్ఫై ఒక్క నిమిషాలు. రెండు క్లిప్పులున్నాయి. మొదటిది తీసినప్పుడే గడియారం ఆపించారు. రెండోది పన్నెండు నిమిషాల తరవాత తీశాను, నా చేత్తోనే. ఆ కిడ్నీ అలిసిపోయి ఉంది, అంతే. రంగు మందు ఎక్కించకండి."

"ఉద్యోగం పోయిన కోపంలో వాగుతోంది," అన్నాడు హాల్వర్సన్, నవ్వు తెచ్చుకుని.

ఓల్మోస్ ఇద్దరినీ చూసింది. వయసు చిన్నదే గానీ మెత్తటి మనిషి కాదు. "వాగుతోందో లేదో తేల్చుకోవడం ఎంతసేపు? లోపలి కెమెరా అంతా రికార్డు చేస్తుందిగా. రెండో క్లిప్పు ఎప్పుడు బయటికొచ్చిందో అందులోనే ఉంటుంది. అది చూసేదాకా ఆయనకు నేను ఏ మందూ ఎక్కించను."

హాల్వర్సన్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అప్పటిదాకా భుజం తట్టించుకుంటున్న ష్రాంక్ ఆ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని, భుజం మీద నుంచి ఎత్తి పక్కన పెట్టాడు.

స్కాన్ జరగలేదు. నీళ్ళు ఎక్కించి, రక్తపోటు చూసుకుంటూ కాచుకున్నారు. మూడో రోజు సంచీలో కాస్త మూత్రం పడింది. నాలుగో రోజు ఇంకాస్త. అయిదో రోజు రక్తపరీక్షలో కిడ్నీ అంకె మెరుగువైపు తిరిగింది. పూర్తిగా మునుపటిలా ఉండదు గానీ మిషన్‌కు కట్టేసే అవసరం రాదని ఓల్మోస్ తేల్చి చెప్పింది. హాల్వర్సన్ ఆపరేషన్లు విచారణ అయ్యేదాకా ఆపారు. ఆయన షికాగో వెళ్ళలేదు. వెర్నాను కూడా పనిలోకి తీసుకోలేదు. అది వేరే విచారణట.

ఆ సాయంత్రం వెర్నా దారిలో బేకరీ దగ్గర ఆగి, పెకాన్ క్రింగిల్ అనే తీపి రొట్టె ఒకటి కొనుక్కుని ష్రాంక్‌ను చూడబోయింది. కృతజ్ఞత కోసం కాదు అని కారులో పదిసార్లు అనుకుంది. పదిసార్లు అనుకోవలసి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా.

ఆర్డిస్ డబ్బా అందుకుంది. థాంక్స్ అంది, నవ్వలేదు. ష్రాంక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహంలో కళ వచ్చింది.

"కూర్చో. ఒకటడుగుతా. పడుకుని పడుకుని అదే ఆలోచిస్తున్నా. ఆ రోజు నువ్వు ముందే వెళ్ళి రెండూ ఒకేసారి తీద్దామని వాడికి చెప్పావట కదా. విచారణలో నువ్వే అన్నావని ఓల్మోస్ చెప్పింది."

"చెప్పాను."

"అంటే వాడలా చేస్తాడని నీకు ముందే తెలుసు."

వెర్నా సంచీ పట్టీ మెలిపెట్టింది. "తెలుసు."

"నాకంటే ముందు ఎంతమంది?"

ఆ ప్రశ్న ఇంతవరకూ విచారణ వాళ్ళు కూడా అడగలేదు. "నాలుగేళ్ళు," అంది.

"ఏళ్ళు కాదు నేనడిగింది."

"అరవై, డెబ్భై ఉండొచ్చు. కానీ వాళ్ళందరికీ రెండేసి ఉన్నాయి, ష్రాంక్ గారూ. ఒకటి కాస్త దెబ్బ తిన్నా..."

"రెండేసి ఉన్నాయి!" ఆయన గొంతు లేవలేదు. లేచి ఉంటే బాగుండేది. "నాకూ రెండుండేవి. రెండోది నాది గనక నేనిచ్చాను. వాళ్ళ రెండోది తీసి లెక్కేసుకోవడానికి నువ్వెవరు? వాళ్ళకి తెలుసా?"

"తెలీదు."

"రేపు వాళ్ళలో ఎవడికో ఆ రెండోది పాడయితే? మొదటిది బాగానే ఉంది కదా అనుకుని కూర్చుంటాడు. ఇంకెవడో వాళ్ళ చెల్లెలికిస్తానని బయల్దేరితే?"

ఆర్డిస్ పక్క బల్ల మీది నుంచి రాత్రి భోజనం చీటీ తీసి, వెనక్కి తిప్పి, పెన్నుతో పాటు వెర్నా ఒళ్ళో పెట్టింది.

"రాయి," అన్నాడు ష్రాంక్.

"పేర్లు బయటికి చెప్పకూడదు. చట్టం ఒప్పుకోదు. నా లైసెన్సు పోతుంది."

"నోరు మూసుకున్నప్పుడు పోలేదు. తెరిస్తే పోతుందా? నాకు చెప్పమన్నానా? నాకొద్దు వాళ్ళ పేర్లు. నేను చూడను. రాసుకుని నీ దగ్గరే పెట్టుకో. విచారణ వాళ్ళ బల్ల మీద పెట్టు. వాళ్ళందరికీ కబురెళ్ళేదాకా ఆ బల్ల దగ్గర్నుంచి కదలకు. నిలబడ్డం నీకలవాటేగా." కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, వీపు పెట్టి కూర్చున్నాడు.

మీ కిడ్నీ కాపాడింది నేనండీ అని ఆవిడ నోటిదాకా వచ్చింది. అది నిజమే కూడా. ఆ నిజం ఆ గదిలో ఎందుకూ కొరగాదని ఆ వీపు చూడగానే తెలిసిపోయింది.

మొదటి పేరు వెంటనే వచ్చింది. బడి బస్సు నడిపే ఒకాయన. రెండోది, మూడోది కాస్త కష్టపడితే వచ్చాయి. నాలుగో మనిషి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒకావిడ. కుడి మూత్రపిండం. ధమని మామూలుకన్నా ముందే రెండుగా చీలింది, కొవ్వు జిగురుగా పట్టుకుని వదల్లేదు, పైకుట్లకు పదకొండు నిమిషాలు పట్టింది. లోపలంతా కళ్ళకు కట్టినట్టుంది. మొహం లేదు. పేరు లేదు.

"రావట్లేదు," అంది వెర్నా.

ష్రాంక్ వెనక్కి తిరగలేదు. "వచ్చేదాకా కూర్చో," అన్నాడు.

ఆవిడ కూర్చుంది.